షాఫ్టులో ‘వద్దు’ అనొద్దు

పదకొండింటికి రమ్మన్నది, ఐదు నిమిషాలు ముందే వచ్చి కూర్చున్న, ఇప్పుడు పదకొండూ ఇరవై, నా వీపు వెనక గోడలో లిఫ్టు పైకి పోయింది, కిందికి వచ్చింది, మళ్ల పైకి పోయింది, ఎనిమిది సార్లు, నేను లెక్కపెట్టలేదు, వీపే లెక్కపెట్టింది. ఈ సోఫా ఇక్కడ వేసినోనికి తెల్వదు ఇది షాఫ్టు గోడ, లిఫ్టు తిరిగే బావి గోడ అని. లిఫ్టు ఆగిన ప్రతిసారి కిర్రుమని ఒక చిన్న చప్పుడు, అన్నంలో ఇసుక పలుకు పంటి కింద పడ్డట్టు. బ్రేకు లైనింగు అరిగింది. ఇంకో రెండు నెలలు నడుస్తది, కాదు, వానలు పడితే నెలే. ఆగినంక ఒక అంగుళం కిందికి జారుతున్నది సుత. ఇందాక ఒకామె బయటికి వస్తూ గడపకు తట్టుకొని తన చెప్పును తిట్టుకున్నది. చెప్పుది కాదమ్మా తప్పు. అయినా నాకేం? నేను లిఫ్టు చూడనీకి రాలేదు. ఒక మాట చెప్పనీకి వచ్చిన. ఈ పని నాకు వద్దు అని. చెప్పి పోత. అంతే.

ఆ ఒక్క మాటకు బన్సీలాల్‌పేట నుంచి పాట్నీ దాక నడిచి పోవాల్నా, ఫోనుల చెప్పరాదా అన్నది సుకన్య, నా భార్య. ఫోనుల చెప్పిన. మూడు సార్లు చెప్పిన. మొదటిసారి "వద్దులెండి మేడం" అంటే, "సరే సార్, డీటెయిల్స్ వాట్సాప్ చేస్తున్నా" అన్నది ఆ ఆలిస్ మేడం, ఈ ఏజెన్సీలో మనుషులకు పనులు, పనులకు మనుషులను వెతికే పిల్ల, గొంతు వింటే ముప్పై దాటి ఉండవు. రెండోసారి "నాతోని కాదమ్మా" అన్న. "మీతోని కాకపోతే ఇంకెవరితోని అయితది సార్, ఇరవై ఆరేళ్ల ఎక్స్‌పీరియన్స్" అన్నది. మూడోసారి ముందూ వెనకా ఏం తగిలించకుండ "వద్దు" అన్న, ఉత్త వద్దు. "ఓకే సార్, అయితే గురువారం పదకొండింటికి ఆఫీసుకు రండి, డిస్కస్ చేద్దాం" అన్నది. ఆ మాటలో ఏదో రోగమున్నది. బయలెల్లినప్పుడు వద్దు అనే బయలెల్లుతది, అవతలికి చేరేసరికి ఇంకోటి అయితది.

కానీ అసలు సంగతి అది కాదు. ఐదు నెలల కింద లిఫ్టు కంపెనీ నన్ను తీసేసినప్పుడు ముఖం చూసి చెప్పలేదు. పొద్దున ఆరున్నరకు, బ్రష్షు నోట్లో ఉండంగ, ఫోను టింగుమన్నది. ఇంగ్లీషులో నాలుగు లైన్లు. నాకు అక్షరాలు తెలుసు, అవి కలిసి ఏమంటయో సగమే తెలుసు. సుకన్య పదో తరగతి పాసు, ఆమె చదివింది. చదివి, "నీ సేవలకు థాంక్స్ అంటున్నరు" అన్నది. ఇరవై ఆరేళ్లు గ్రీజులో చేతులు పెట్టినోనికి, నోట్లో నురుగు ఉండంగ, థాంక్స్. ఉమ్మాలె, ఉమ్మలేదు, ఆ నురుగు అట్లనే పెట్టుకొని ఎంతసేపు నిలబడ్డనో. ఆ రోజే అనుకున్న, నేను ఎవరికన్న కాదని చెప్పాల్సి వస్తే వాళ్ల ముఖం ముంగట నిలబడి చెప్పాలె అని. అందుకే వచ్చిన. పదకొండూ ఇరవై ఐదు. రానీ. ఎంతసేపు కూర్చోబెడుతదో కూర్చోబెట్టనీ. లిఫ్టు ఆగిపోయిన ఇండ్లల్లో, మేడ మీది నుంచి మనుషులు తిడుతుండంగ, పొద్దంత ఒక్క నట్టు కోసం ఎదురుచూసినోన్ని నేను.

పని అదే కంపెనీది. అవే లిఫ్టులు, అవే బిల్డింగులు, అవే మెషిన్ రూములు, కొన్నింటి గోడల మీద నేను పెన్సిలుతో రాసుకున్న తారీకులు ఇంకా ఉంటయి. నిన్న తీసేసిన చేతులనే ఇయ్యాల ఏజెన్సీ నడుమ పెట్టి కిరాయికి అడుగుతున్నరు. ఫ్రీలాన్స్ అట. నౌకరీ కాదట, సెలవు లేదట, యూనిఫారం లేదట, ఏమన్న అయితే కంపెనీకి సంబంధం లేదట. సుకన్య విని, "అన్నీ లేవనే చెప్తున్నరు, ఉన్నదేందో అడిగినవా?" అన్నది. ఉన్నది ఒక్కటే, ఫోనులో యాప్. ఒక్కన్నే పోవాలె, ఒక్కన్నే చెయ్యాలె, ఫొటో కొట్టి పంపాలె. ఇయ్యాల పొద్దున ఆమె మెట్టుగూడలో తను పనిచేసే పండ్ల డాక్టరు దగ్గరికి పోయే తొందరలో ఉండి సుత నా తెల్ల అంగీ ఇస్త్రీ చేసి తలుపుకు తగిలిచ్చింది. వద్దని చెప్పనీకి ఇస్త్రీ అంగీ ఎందుకే అన్న. "సరే అని చెప్పనీకైతే మాసింది సుత నడుస్తది. వద్దని చెప్పేటోడు మంచిగ కనవడాలె, లేకపోతే పాపం అనుకుంటరు" అన్నది. ఐదు నెలల సంది ఇల్లు ఆమె కాళ్ల మీద నడుస్తున్నది. ఆ కాళ్లు వాచినయి. చూపియ్యదు. రాత్రి సాక్సులు విప్పినప్పుడు ఆ గీతలు కనవడుతయి. అయినా ఆమె ఒక్కసారి సుత చెయ్యి పో అనలేదు. అంటే కోపం తెచ్చుకుందునేమో, కోపం తెచ్చుకుంటే ఈ మాట చెప్పుడు అల్కగ అయ్యేదేమో.

రిసెప్షన్ పిల్ల ఒక కాయితం ఇచ్చి నింపమన్నది. పేరు, దయాకర్. వయసు, యాభై రెండు. చదువు అని ఒక గీత ఉన్నది, ఆ గీత చాన పొడుగున్నది, అంత పొడుగు చదువుకున్నోళ్లు వస్తరు కావచ్చు. ఏడు అని రాసిన. ఏడు ఒక్కటే ఆ గీత మీద, ఖాళీ ప్లాట్‌ఫారం మీద మర్చిపోయిన సంచి లెక్క. ఏడు తర్వాత సోడాల దుకాణం, ఆ తర్వాత పంపుల మెకానిక్కు, ఇరవై ఏండ్లు దాటినంక షంషీర్ భాయ్. ఆయన కోసం ఈ కాయితంలో గీత లేదు. లిఫ్టు పనిలో ఈ ఊళ్లో ఆయన ఉస్తాద్. నా అసలు చదువు ఆయన దగ్గరే, అదీ ఒకే ఒక్క పాఠం, మిగిలిందంత చేతులు నేర్చుకున్నయి.

మొదటి రోజే నన్ను షాఫ్టు అడుగున గుంతలో నిలబెట్టిండు. తను ఐదంతస్తుల పైన మెషిన్ రూములో నిలబడ్డడు. లిఫ్టు పనికి ఇద్దరు కావాలె, ఒకడు పైన, ఒకడు కింద. కరెంటు బంద్ చేసి, పైనున్నోడు బ్రేకు కడ్డీ చేత్తోని ఎత్తితే లిఫ్టు ఒక పక్క, దాని బరువు ఇంకో పక్క కదులుతయి. ఎంత ఎత్తాలె, ఎప్పుడు ఆపాలె, కిందోడే చెప్పాలె. పైనోనికి ఏం కనవడదు, ఉత్త మాట మీదనే నడుస్తది. "నేను అరుస్త, ఏం వినబడ్డదో చెప్పు" అన్నడు. ఏదో అరిచిండు. ఒద్దు అన్నవ్ ఉస్తాద్ అన్న. "కాదు బే, ఒదులు అన్న." మళ్ల అరిచిండు. ఒదులు అన్నవ్ అన్న. "కాదు, ఒద్దు అన్న." దిగి వచ్చి గుంత అంచుకు గొంతుక్కూర్చొని బీడీ ముట్టిచ్చిండు. "సున్ దయా, ఈ షాఫ్టు ఉన్నది కదా, ఇది పండ్లు లేని ముసలిది. మాటకు తల ఉంచుతది, తోక మింగుతది. ఒద్దు అన్నా, ఒదులు అన్నా దీనికి ఒక్కటే. అందుకే ఇండ్ల రెండే మాటలు. కదపాలంటే ఛోడ్. కదపొద్దంటే నక్కో. నక్ అని మేకు కొట్టినట్టు పోతది, ఎక్కడ తగలాల్నో అక్కడ తగులుతది. ఇంట్ల సుత అలవాటు చేస్కో, పెండ్లాం కొత్త చీర అంటే నక్కో, ఏక్ దమ్ ఖతం." మీ ఇంట్ల నడుస్తదా ఉస్తాద్ అన్న. పొగ ముక్కులకెళ్లి ఇడిసిండు. "మా ఇంటి షాఫ్టు వేరే రే. అక్కడ నా మాట తలా తోకా రెండూ మింగేస్తది."

నవ్వు వచ్చినట్టున్నది, రిసెప్షన్ పిల్ల తలెత్తి చూసింది. "టెన్ మినిట్స్ సార్, మేడం కాల్‌లో ఉన్నరు." పది నిమిషాలు. ఏసీ గాలి సక్కగ మెడ మీద పడుతున్నది, హాయిగనే ఉన్నది, అబద్ధం ఎందుకు. ఎదురుగ బల్ల మీద నమూనా ఐడీ కార్డు పెట్టిన్రు, నీలం తాడుతోని, ఫొటో జాగా ఖాళీ, కింద సర్వీస్ కన్సల్టెంట్ అని రాసి ఉన్నది. కన్సల్టెంట్. ఈ మాట మా బస్తీలో చెప్తే కిరాణా షాపు హరికిషన్ సేటు కుర్చీ జరిపి కూర్చోమంటడు. ఐదు నెలల సంది ఆయన నా దిక్కు చూసే చూపు మారింది, ఏమన్న కావాల్నా అని కాదు, ఏమన్న అడుగుతనేమో అని. ఆ నీలం తాడు మెడలో ఉంటే ఆ చూపు పోతది. సుకన్య కాళ్ల వాపు పోతది. ఒక సంతకం. ఒక్కన్నే అయినా ఇరవై ఆరేళ్ల చెయ్యి, జెర పైలంగ చేస్కుంటే ఏమైతది? చూడు, మనసు ఎట్ల జారుతున్నదో, ఆ లిఫ్టు లెక్కనే, ఆగినట్టే ఆగి ఒక్క అంగుళం కిందికి. లైనింగు అరిగిందిరా దయాకర్. పట్టు.

నరసరాజు వచ్చినప్పుడు షంషీర్ భాయ్ పని మానేసి రెండేండ్లు అయింది, కండ్లు కనవడక. కంపెనీ నాకు నరసరాజును జోడీ ఇచ్చింది. తాడేపల్లిగూడెం దిక్కు మనిషి, ప్రతి మాటకు అండీ, ఏం చెప్పినా ఆయ్. నన్ను గురువుగారూ అని పిలిచిండు, అప్పటిదాక నన్నెవరూ గారు అనలేదు. ఛోడ్, నక్కో అని చెప్తే పడీ పడీ నవ్విండు. "నక్కో ఏంటండీ గురువుగారూ, అడివిలో నక్కని పిలిచినట్టు. ఛోడ్ అంటే ఎవర్నో తిట్టినట్టుందండీ. శుభ్రంగా తెలుగులో అనుకుందాం." మా తెలుగులో ఇడువు అంటం, అట్లన్న చెప్పు అన్న. "ఇడువా? అది పెళ్లాన్ని విడిచిపెట్టే మాటండీ బాబూ, పొద్దున్నే ఎందుకు?" అన్నడు. "వదులు అంటే వదులు, వద్దు అంటే వద్దు. చిన్నపిల్లాడికైనా తెలుస్తాది." సరే కానీ అన్న. ఎందుకు సరే అన్ననో నాకు తెలుసు. నా మాట మోటు అని నా లోపల ఎవడో ఎప్పుడో చెప్పి పెట్టిండు. ఏడో తరగతి ముఖానికి ఆయన మాట పుస్తకంలోది లెక్క వినబడ్డది. ఉస్తాద్ చెప్పింది షాఫ్టు సంగతి, నేను ఇన్నది నామోషీ సంగతి. పదకొండేండ్లు వదులు, వద్దు అనుకుంటనే నడిచింది. ఏం కాలేదు. ఏం కానన్ని రోజులు ఏదైనా నడుస్తది.

ఆరేండ్ల కింద, మారేడ్‌పల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. లిఫ్టు ఇనుప రోపులు సాగినయి, పొట్టి చెయ్యాలె. అడుగు గుంతలో చెక్క దిమ్మ పెట్టి, లిఫ్టుకు ఎదురు వేలాడే బరువును మెల్లగ దాని మీదికి దించాలె. పైన నేను, కింద నరసరాజు. మాట్లాడుకునే వాకీటాకీలు కంపెనీ కాయితాల మీద ఉన్నయి, మా చేతుల్లో లేవు. గుంతలో ఫోను సిగ్నల్ దొరకదు. ఆ ఇంటి సెక్రటరీ మెషిన్ రూము తలుపు దగ్గర నిలబడి ఇంకెంతసేపయ్యా, మా మామగారు మెట్లెక్కలేరయ్యా అని ఒకటే పోరు. "వదులూ" అన్నడు కింది నుంచి, జానెడు వదిలిన. "వదులూ" అన్నడు, బెత్తెడు వదిలిన. దిమ్మ వంకరగ ఉన్నదో ఏందో, సరిచేయనీకి చెయ్యి పెట్టిండు, అది నాకు తర్వాత తెలిసింది. మూడోసారి మాట వచ్చింది. వద్. అంతే వచ్చింది. తల వచ్చింది, తోక ఆ ముసలిది మింగింది. సెక్రటరీ చెవి పక్కన మాట్లాడుతున్నడు. నా చెయ్యి కడ్డీ మీద ఉన్నది. మూడోసారి సుత వదులే కదా, రెండు సార్లు అదే కదా. ఎత్తిన. తర్వాత వచ్చిన అరుపుకు తలా ఉన్నది, తోకా ఉన్నది, షాఫ్టు దాన్ల ఏం మింగలేదు. ఐదంతస్తుల మెట్లు నేను ఎట్ల దిగిననో తెల్వదు. నరసరాజు కుడి చేతికి నాలుగు వేళ్లు పోయినయి.

దవాఖానకు కంపెనీ ఆఫీసరు కాయితం పట్టుకొని వచ్చిండు. మంచం పక్కన నేను నిలబడి ఉన్న. ఏం జరిగింది, ఎవరు ఏమన్నరు అని అడిగిండు. నా నాలుక మీద ఉన్నది, వద్దు అన్నడు సార్, నేనే తప్పు విన్న అని. నోరు తెరిచిన సుత. నాకంటె ముందు నరసరాజు అన్నడు, పైన తిరిగే ఫ్యాను దిక్కు చూసుకుంట, "నేనే వదులు అన్నానండీ. చెయ్యి తీయకుండా అన్నాను. నాదే పొరపాటు." ఆఫీసరు రాసుకున్నడు. నేను నోరు మూసుకున్న. ఎవరి పొరపాటైతే ఎవరికి పని పోతదో ఆ గదిలో ఉన్న ముగ్గురికి తెలుసు. ఆయన వేళ్లు పోయినయి, పని పోయింది. నా పని ఉన్నది. ఆరేండ్లు ఉన్నది. ఆ రోజు మూసుకున్న నోట్లోనే ఐదు నెలల కింద నురుగు పెట్టుకొని నిలబడ్డ. కంపెనీని తిట్టుకుంట, ఏజెన్సీని తిట్టుకుంట, సేటు చూపును తిట్టుకుంట, అన్ని తిట్లూ అయిపోయినంక మిగిలేది ఆ మంచం పక్కన నిలబడ్డోడే. ఆయన ఎందుకట్ల అన్నడు? నా మీద దయతోనా? లేకపోతే పాపం ఆయనకు సుత ఏ మాట అన్నడో యాది లేదా? ఆరేండ్లల్లో నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. నెలకోసారి పోయి ఆయన షాపులో కూర్చుంట, టీ తాగుత, వానల గురించి మాట్లాడి వస్త.

మెట్టుగూడలో ఆయనకు జిరాక్సు షాపు. మొన్న మంగళవారం ఆలిస్ మేడం పంపిన కాయితాలు ప్రింటు తీయించనీకి అక్కడికే పోయిన. కాయితం ఎడమ చేత్తో పెట్టి, కుడి చేతి మొండి అరచేత్తో మూత అదుముతడు, అంత సాఫుగ అదుముతడు గని చూసేటోనికి తక్లీఫ్. మొదటి పేజీ, రెండో పేజీ, మూడోది నమూనా ఫారం, ప్రతి లిఫ్టుకు నెల నెలా నింపాల్సింది. దాన్ని పైకెత్తి ట్యూబులైటు కింద పట్టుకున్నడు. "ఆయ్! గురువుగారూ, ఇది చూశారా? మనల్ని మళ్లీ జోడీ కలిపేశారండీ." ఏంది అన్న. టెక్నీషియన్ ఒకటి, దయాకర్. టెక్నీషియన్ రెండు, నరసరాజు. అచ్చు అక్షరాలు. కంపెనీ పాత లిస్టు ఎవరూ చెరపలేదు, యాప్ దాన్నే ఎత్తి రాసుకున్నది. చట్టానికి ఇద్దరు కావాలె, కంపెనీకి ఒక్కడు చాలు, అందుకే రెండో జాగాలో పేరు. నేను పోయే ప్రతి గుంత మీద పైన ఆయన నిలబడ్డట్టు. నెల నెలా, ఇంటింటికీ, పక్కన నా సంతకం. ఆయన నవ్వుకుంట స్టేప్లరు వెతుకుతున్నడు. "మరేం ఫర్లేదండీ, పెట్టేయండి. పేరే కదా అడిగింది, చెయ్యి అడగలేదుగా." స్టేప్లరు ఎడమ చేత్తో టక్కున కొట్టిండు. అప్పుడే తేలిపోయింది నాకు. అంతదాక కొంచెం ఊగుతున్న, నిజం చెప్పాలె. ఆయన పెట్టేయమనంగనే ఆగిపోయిన. ఈ మనిషి నాకోసం ఇంకోసారి వదులు అంటున్నడు. ఈసారి నాకు సాఫుగ వినబడ్డది.

"దయాకర్ సార్? రండి రండి, సారీ, చాన లేటైంది."

పన్నెండుకు ఐదు నిమిషాలు. అద్దాల గది. ఆలిస్ మేడం చిన్నగ, బక్కగ ఉన్నది, కండ్ల కింద నలుపు, బల్ల మీద సగం తిన్న ఉప్మా డబ్బా, నన్ను చూసి మూత పెట్టింది. ఈ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని గంట సేపు కూర్చుని తయారైన, ఆ డబ్బా చూసి కోపం పోయింది. మాట పోలేదు.

"వద్దమ్మా" అన్న, నిలబడే.

"కూర్చోండి సార్. రేటు గురించా? కొంచెం పెంచమని అడుగుత."

"రేటు కాదు."

"దూరమా మరి? మీకు సికింద్రాబాద్ సైడే ఇప్పిస్త. అల్వాల్ తీసేపిస్త."

"దూరం కాదు. గీ రెండో పేరు."

కాయితం ముందల పెట్టిన. వంగి చూసింది. "ఓ, అదా! అది జస్ట్ ఫార్మాలిటీ సార్. సిస్టం అదే ఫిల్ చేస్తది. మీరు సైన్ ఒక్కటి చేస్తే చాలు, ఆయన రావాల్సిన పని లేదు."

"రాడు. నాలుగు వేళ్లు లేవు. నేను పైనుంటే పోయినయి."

ఆ పిల్ల పెన్ను మూత తీసి మళ్ల పెట్టింది. నా మాట నాకే వినబడ్డది, ఆరేండ్లల్లో మొదటిసారి, అదీ ఎవరో ముక్కూ ముఖం తెల్వని పిల్ల ముందట.

"సారీ సార్" అన్నది చివరికి. "కానీ మీరిట్ల ఒక్కసారే డిసైడ్ చేయకండి. ఇంట్ల మాట్లాడండి. సోమవారం దాక ఓపెన్ పెడత నేను."

చూసినవా, మళ్ల అదే. వద్దు అని పంపితే సోమవారమై తిరిగొచ్చింది. ఈ అద్దాల గది సుత షాఫ్టే. ఉస్తాద్ బీడీ వాసన ఎక్కడినుంచి వచ్చిందో, ముక్కుకు తగిలినట్టే అయింది.

"నక్కో" అన్న.

ఫక్కున నవ్వింది. "సార్, మీరు సుత నక్కో అంటరా! మా డాడీ అంటడు." నవ్వుకుంటనే నా ముఖం చూసింది. నవ్వు మెల్లగ ఆగింది. "పక్కానా సార్?"

"పక్కా."

కంప్యూటర్ దిక్కు తిరిగింది. "రీజన్ పెట్టాలె సార్. నాలుగే ఉన్నయి ఇండ్ల. శాలరీ, లొకేషన్, హెల్త్, అదర్స్."

"అదర్స్ పెట్టు. మనిషి లేడు అని రాయి."

"ఏ మనిషి సార్?"

"పైన ఉండాల్సినోడు."

టైపు చేసింది. అట్లనే చేసిందో వేరే ఏదన్న చేసిందో నాకు తెల్వదు, ఇంగ్లీషు. నేను ఆమె పెన్ను తీసుకొని కాయితంలో రెండో పేరు మీద ఒక గీత కొట్టిన. తర్వాత మొదటి పేరు మీద సుత కొట్టిన. సిస్టంలో పోతదో లేదో, కాయితంలోనైతే పోయింది. లేస్తూ లేస్తూ, మీ లిఫ్టు బ్రేకు అరిగింది తల్లీ, ఓనరుకు చెప్పు అన్న. ఎట్ల తెలుసు సార్ అన్నది. గంట సేపు దానికే వీపు ఆనిచ్చి కూర్చోబెట్టినవ్ కదా అన్న. ఇద్దరొస్తేనే పని చెయ్యనియ్యు, ఒక్కడొస్తే ఎంత తొందరున్నా వాపస్ పంపు. ఉప్మా డబ్బా పక్కన ఉన్న చిట్టీ మీద ఇద్దరు అని రాసుకొని కింద గీత గీసుకున్నది. అది తెలుగులోనే రాసింది, నేను చదివిన.

లిఫ్టు ఎక్కలేదు. మెట్లు దిగుతున్న, షాఫ్టు చుట్టే తిరుగుతయి ఈ మెట్లు, నాలుగు, మూడు. సుకన్యకు ముందు చెప్పాలె, కానీ ఆమెకు తెలుసు, ఇస్త్రీ చేసేటప్పుడే తెలుసు. ఫోను తీసిన. మూడో అంతస్తు మలుపులో గోడకు ఆనుకొని నిలబడి నంబరు కొట్టిన.

"ఆయ్, గురువుగారూ. ఏమైందండీ?"

"నక్కో అన్న, రాజూ."

అవతల జిరాక్సు మెషిన్ గర్రుమంటున్నది. ఆగింది. ఆయన నవ్విండు, చిన్నగ. "ఆ మాట విని ఎన్నేళ్లయిందండీ. షంషీర్ భాయ్ మాట. నేనూ ఆరోజు అదే అనుంటే..." ఆడికి ఆగిండు.

గోడలో లిఫ్టు నా వీపు పక్కనుంచి కిర్రుమనుకుంట పోయింది. పోనిచ్చిన. పోయినంక, ఏ చప్పుడూ లేనంక, ఒక్కొక్క మాట విడదీసి చెప్పిన. "నువ్వు ఒదులు అనలేదు రాజూ. ఒద్దు అన్నవ్. నేను తప్పు విన్న. దవాఖానల చెప్పాల్సి ఉండె, చెప్పలేదు."

కట్ అయిందేమో అనుకొని ఫోను చూసిన, సెకన్లు నడుస్తనే ఉన్నయి.

"తెలుసండీ" అన్నడు. ఆ గొంతులో ఆయ్ లేదు, నవ్వు లేదు. "నేను ఏమన్నానో నాకు తెలీదా? మీకు తెలుసో లేదో, అదే తెలీక ఇన్నేళ్లు..." గొంతు సవరించుకున్నడు. ఎవరో జిరాక్సుకు వచ్చినట్టున్నరు, రెండు కాపీలు అంటున్నరు, ఉండండీ అన్నడు వాళ్లతోని. మళ్ల ఫోనులోకి వచ్చిండు. "వచ్చేయండి గురువుగారూ. టీ చెప్తాను."

"వస్తున్న" అన్న. సరిగ్గ వినబడ్డదో లేదో అని మళ్ల ఒకసారి అన్న.